కడిగిందే కడగరా

ఆ రోజు పొద్దున్న అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం షిఫ్టుకు వెళ్ళాలి. ముందురోజు వడపోతకొచ్చిన బ్యాచిని కడిగి, ఆరబెట్టడానికి పంపాలి. రెండింటికల్లా బయటపడి, ఇంటికొచ్చి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి మామగారి పెళ్ళికి సాక్షి సంతకం పెట్టాలి. మామగారి పెళ్ళంటే ఎప్పుడో జరిగిపోయిన సంగతి కాదు. మామగారికి అరవై తొమ్మిదేళ్ళు. పెళ్ళి ఆ సాయంత్రమే.

అతను మందుల ఫ్యాక్టరీలో ఫిల్టర్ సెక్షనుకు షిఫ్ట్ ఇన్‌చార్జి. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఫ్యాక్టరీ అంతా అతన్ని వెనకాల "ఇంకోసారి" అంటుంది, ఎదురుగా "ఇంకోసారి గారు" అంటుంది. ఎవరు ఏది కడిగినా, ఎన్నిసార్లు కడిగినా, దగ్గరికొచ్చి ఒంగి చూసి "ఇంకోసారి" అనడం అతని అలవాటు. ఇంట్లోనూ అంతే. భార్య తోమి బోర్లించిన గ్లాసును మళ్ళీ కడుక్కుంటే గానీ నీళ్ళు తాగడు. పెళ్ళయిన కొత్తలో ఆమె దీనికి ఏడ్చింది. తర్వాత కొన్నాళ్ళు పోట్లాడింది. ఆ తర్వాత తెలివి తెచ్చుకుని గ్లాసులు కడగడం పూర్తిగా అతనికే వదిలేసింది.

మామగారు వాచీలు బాగుచేసేవారు. అత్తగారు పోయాక కూతురింట్లో ఒక గదిలో, ఆగిపోయిన గడియారంలా ఏళ్ళ తరబడి ఉండిపోయారు. నిరుడు కాలు విరిగి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు, రిటైరవడానికి సిద్ధంగా ఉన్న ఒక నర్సమ్మ ఆయన చేత ముందు కాలు కదిపించింది, తర్వాత నోరు విప్పించింది. ఇంటికొచ్చాక కూడా ఆయన మాట్లాడటం మానలేదు. కానీ ఆ మాటల్లో అసలు మాట కూతురితో చెప్పడానికి మాత్రం ఏడాది పట్టింది. కూతురు విని, "నీ ఇష్టం నాన్నా" అంది. అందులో ఆమె ఇష్టం ఎంత ఉందో ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

రిజిస్ట్రారు ఆఫీసులో ఒక నియమం ఉంది. రెండు వైపుల నుంచీ కుటుంబంలోని మనిషి ఒక్కొక్కరు సాక్షిగా రావాలి. నర్సమ్మకు చెల్లెలుంది. మామగారికి ఉన్నది కూతురూ అల్లుడే.

"నేను వస్తాను, కూర్చుంటాను. సంతకం మాత్రం నన్ను అడగొద్దు," అంది భార్య, అతనికి టిఫిన్ డబ్బా అందిస్తూ. "అమ్మ స్థానంలో ఇంకొకరిని నా చేత్తో కూర్చోబెట్టలేను."

"నేనున్నాగా. నువ్వెందుకు?" అన్నాడు ఇంకోసారి.

మామగారు అతన్ని గుమ్మం దాకా సాగనంపి గొంతు తగ్గించారు. "అల్లుడూ, అడగడానికే నాకు ఏడాది పట్టింది. ఇవాళ గనక తప్పిపోతే, అమ్మాయి ముందు మళ్ళీ నోరు తెరిచే ఓపిక నాకు లేదు. నర్సమ్మకీ అదే చెప్పాను. అయితే ఇవాళ, కాకపోతే ఇక లేదు."

"మీరు నిశ్చింతగా ఉండండి మామయ్యగారూ. నేను ఆలస్యంగా వచ్చానన్న మాట ఎప్పుడైనా విన్నారా?"

మామగారు నిజాయితీపరులు. కాసేపు ఆలోచించి, "విన్నాను," అన్నారు.

ఫిల్టర్ సెక్షను గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే జరిగిన ఘోరం అర్థం కాదు. రియాక్టరులో మందు గింజకట్టి, నీళ్ళతో కలిసి పెద్ద గంగాళంలాంటి ఫిల్టరులోకి వస్తుంది. అడుగున పరిచిన గుడ్డ లోంచి నీరు కిందికి దిగిపోయి, పైన తెల్లటి తడి ముద్ద నిలుస్తుంది. దాన్ని కేక్ అంటారు గానీ చూసి ఎవరికీ నోరూరదు. ఆ ముద్దలో పాత నీటి చెమ్మ, ఆ చెమ్మలో ఉప్పూ ఇతర మలినాలూ ఉంటాయి. పైభాగం చదును చేసి, శుద్ధి చేసిన చల్లటి నీళ్ళు నెమ్మదిగా పోస్తే, అవి దిగుతూ దిగుతూ పాత నీటిని ముందుకు తోసుకుపోతాయి. తక్కువ కడిగితే మలినం మిగులుతుంది. ఎక్కువ కడిగితే మందే కరిగి నీళ్ళతో పోతుంది. బియ్యం కడగడం లాంటిదే. తేటపడ్డాక కూడా రుద్దుతూ కూర్చుంటే కుండలోకి చేరేది నూకే.

ఎప్పుడు ఆపాలో చెప్పేది ఒక చుక్క. కిందికి దిగిన కడుగునీటిని టెస్ట్‌ట్యూబులో కొంచెం పట్టి, సిల్వర్ నైట్రేటు చుక్క వేస్తారు. ఉప్పుంటే పాలు కలిపినట్టు తెల్లబడుతుంది, లేకపోతే తేటగా ఉంటుంది. తెల్లబడితే మురికి పోయిందని లోకమంతా సంతోషిస్తుంది. ఆ ఒక్క గదిలో మాత్రం తెల్లబడితే ఏడుస్తారు.

రోజూ ఆ నీటిని సీసాలో పట్టి అవతలి బిల్డింగులో ఉన్న ల్యాబుకు పంపుతారు. అక్కడ కెమిస్టమ్మ పరీక్ష చేసి ఫోన్లో చెబుతుంది. ఆ రోజు తొందరగా బయటపడాలి గనుక ఇంకోసారికి ఒక మంచి ఆలోచన వచ్చింది. అతనికి మంచి ఆలోచనలు అరుదుగా వస్తాయి. వచ్చిన రోజున పక్కవాళ్ళు సెలవు పెట్టుకోవడం ఉత్తమం.

"అమ్మా, ఆ చుక్కల సీసా, రెండు ట్యూబులూ నాకే ఇచ్చెయ్. ఫిల్టర్ దగ్గరే చూసుకుంటాను. నీకు శ్రమ తగ్గుతుంది, నాకు టైం కలిసొస్తుంది."

"సరే సార్. ట్యూబులు కడిగి ఆరబెట్టినవే, అలాగే వాడుకోండి," అంది కెమిస్టమ్మ.

ఇంకొకరు కడిగామన్న వస్తువును అలాగే వాడుకోవడం అతని ఒంట్లో లేదు. ఫిల్టర్ పక్కన నేల కడగడానికి పెట్టిన కుళాయి తిప్పి, రెండు ట్యూబులనూ లోపలా బయటా శుభ్రంగా కడిగి, వెలుతురుకెత్తి చూసి, తృప్తి చెందాడు.

మొదటి కడుగునీళ్ళు తెల్లబడ్డాయి. అది మామూలే. రెండోసారీ తెల్లబడ్డాయి. అదీ మామూలే. మూడోసారికి తేటపడాలి, ఎప్పుడూ తేటపడతాయి. అతను ట్యూబును కుళాయి కింద మళ్ళీ కడిగి, నీళ్ళు పట్టి, చుక్క వేశాడు. మేఘం కమ్మినట్టు తెల్లబడింది.

"ఇంకోసారి," అన్నాడు.

ఫిల్టర్ ఆపరేటరును అందరూ "నిదానం" అంటారు. ఫ్యాక్టరీ తగలబడుతున్నా చెప్పులు సరిచూసుకుని లేచే మనిషి. అతను గాజు కిటికీలోంచి లోపలికి చూసి, "సార్, కేకులో పగులొచ్చిందేమో. పగులుంటే నీళ్ళన్నీ దాంట్లోంచే జారిపోతాయి, ముద్ద తడవదు," అన్నాడు.

మాట సబబుగానే ఉంది. ముద్దనంతా కలియబెట్టి, మళ్ళీ చదును చేయించి, మళ్ళీ నీళ్ళు పోయించాడు. తెల్లబడింది. పగులు పూడలేదనుకుని మళ్ళీ కలియబెట్టించాడు. మళ్ళీ తెల్లబడింది. ఈలోగా చల్లటి నీళ్ళు అయిపోయాయి. శుద్ధి చేసినవే అయినా చల్లబరచని నీళ్ళు పోస్తే మందు ఎక్కువ కరుగుతుందని తెలిసీ, "ఒక్కసారికి ఏం కాదులే," అన్నాడు. ఆ ఒక్కసారి ఎన్నిసార్లయిందో తర్వాత విచారణలో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

సెక్షను లోపలికి ఫోన్లు తీసుకురాకూడదు. నిప్పురవ్వ పుడితే ఆవిర్లు అంటుకుంటాయని భయం. అందుకని ఫోను, పర్సు, కార్డులు అన్నీ మెయిన్ గేటు దగ్గర లాకరులో పెట్టి తాళంచెవి జేబులో వేసుకుని లోపలికి వస్తారు. బయటివాళ్ళకు ఏదైనా చెప్పాలంటే గేటు సెక్యూరిటీ ద్వారానే చెప్పాలి. ఆ సెక్యూరిటీ మనిషిని "పొదుపు" అంటారు. మాట్లాడితే ఆయుష్షు తగ్గుతుందని ఎవరో చిన్నప్పుడు భయపెట్టినట్టుంటాడు.

మధ్యాహ్నం ఇంటర్‌కమ్ మోగింది. "మీ ఆవిడ. బయల్దేరారా అని."

"ఇంకొక్కసారి కడిగితే అయిపోతుంది. నాకోసం ఇంటి దగ్గర ఆగొద్దు, వాళ్ళని తిన్నగా ఆఫీసుకి వెళ్ళమను, నేను ఇటునుంచి ఇటే అక్కడికొచ్చి కలుస్తానని చెప్పు."

పొదుపు ఇందులో అనవసరమైన మాటలన్నీ ఏరిపారేసి, "మిమ్మల్ని వెళ్ళిపొమ్మన్నారు," అని చెప్పాడు. ఈ సంగతి ఇంకోసారికి అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే గేటు దాకా పరిగెత్తేవాడు.

అతనికి ఆ సమయంలో వేరే భయం పట్టుకుంది. గాజు కిటికీలోంచి చూస్తే పొద్దున పరుపంత మందాన ఉన్న ముద్ద ఇప్పుడు బొంతంత ఉంది. ఇది కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుందని అతనికీ అనిపించింది. కానీ ఉప్పు మిగిలిన మందును ఆరబెట్టడానికి పంపిస్తే అది ఎవరో ఒక రోగి కడుపులోకి పోతుంది. ఆ రోగి ముఖం అతను ఎన్నడూ చూడలేదు, అయినా రోజూ ఆ ముఖానికే జవాబు చెప్పుకుంటున్నట్టు పని చేస్తాడు. అతని చాదస్తాన్ని చూసి నవ్వేవాళ్ళు కూడా, తమ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆ మందు అతని షిఫ్టులో కడిగిందైతే బాగుండునని కోరుకునేవాళ్ళు.

"సార్, అవతలి సెక్షన్లో నీళ్ళు రావడం లేదట, తిడుతున్నారు," అన్నాడు నిదానం.

"తిట్టనీ. ఇంకోసారి."

"కడుగునీళ్ళ ట్యాంకు నిండిపోయింది సార్."

"పక్క ట్యాంకుకి తిప్పు."

"అదీ నిండుతోంది సార్. నేను చెప్పేలోగా నిండేట్టుంది."

ట్యాంకు నిండితే గంట మోగుతుంది. మోగింది. గంట మోగితే మేనేజరు వస్తాడు. వచ్చాడు. రెండు ట్యాంకుల నిండా కడుగునీళ్ళు, ఖాళీ అయిన నీళ్ళ తొట్టి, ఫిల్టర్ ముందు టెస్ట్‌ట్యూబు పట్టుకుని తపస్సు చేస్తున్న ఇన్‌చార్జి కనిపించేసరికి, ఆయనకు ఏదో పెద్ద ప్రమాదమే ముంచుకొచ్చిందని అర్థమైంది. అసలు ప్రమాదం ఆయన అర్థం చేసుకోవడంతోనే మొదలైంది. రియాక్టరులో వాడిన ముడిసరుకే తేడాగా ఉందేమోనని దాన్ని పక్కన పెట్టించాడు. అదే సరుకుతో నడుస్తున్న రెండో రియాక్టరును ఆపించాడు. శుద్ధి చేసే యంత్రం పాడయి నీళ్ళలోనే ఉప్పు వస్తోందేమోనని, నీళ్ళు, సరుకు అన్నీ పరీక్షించమని కెమిస్టమ్మ మీద పడ్డాడు. పాపం ఆమె ల్యాబులో ఒంటిచేత్తో పరీక్షల మీద పరీక్షలు చేస్తూ, అన్నీ బాగానే ఉన్నాయని చెబుతూ వచ్చింది. బాగున్నాయన్న కొద్దీ మేనేజరుకు అనుమానం పెరిగింది.

"కారణం తేలేదాకా ఈ సెక్షనులోంచి ఒక్కరు కదలడానికి వీల్లేదు," అన్నాడాయన.

ఇంకోసారి గోడగడియారం చూశాడు. పెళ్ళి సంగతి చెబుదామని నోటి దాకా వచ్చింది. కానీ విషయం నలుగురి నోళ్ళలో పడొద్దని మామగారు మరీమరీ చెప్పారు. పైగా ఇంత అల్లరి చేసి, "మా మామగారికి పెళ్ళండీ, వెళ్తాను," అంటే, ఎగ్గొట్టడానికి ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా అంటారు. అతను నోరు మూసుకుని ట్యూబు కడుక్కున్నాడు.

మళ్ళీ ఇంటర్‌కమ్. "మీ మామగారు. ఆఫీసు నుంచి."

"అయ్యో, ఇక్కడ చిక్కుకుపోయాను, ఇది తేలేదాకా రాలేను, తేలిన మరుక్షణం రెక్కలు కట్టుకుని వస్తాను, కాస్త ఓపిక పట్టమను. నా మాటగా చెప్పు బాబూ, మర్చిపోకు."

"అలాగే," అన్నాడు పొదుపు. మామగారితో, "రాలేరట," అన్నాడు.

అవతల రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీద ఏం జరిగిందో ఇంకోసారికి ఆ రాత్రి భార్య చెప్పింది. మామగారు ఫోను పెట్టేసి, జీవితంలో మొట్టమొదటిసారి కూతురి మీద గొంతెత్తారట. "నీకు ఇష్టం లేకపోతే నాతో చెప్పాల్సింది. అల్లుణ్ణెందుకు ఆపావు?" అన్నారట. ఆమె ఆపలేదు. ఆపలేదని చెప్పబోయి ఏడ్చేసిందట. అప్పుడు నర్సమ్మ ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుని, "మీరు భార్యని పోగొట్టుకున్నారు. ఆ అమ్మాయి అమ్మని పోగొట్టుకుంది. ఎవరి బాధ వాళ్ళది. మన పెళ్ళి కాకపోతే పోయె గానీ, పిల్లని మాత్రం ఒక్క మాట అనకండి," అందట. చివరికి కూతురే లేచి, "పదండి. ఆయన ఎందుకు రారో నేనే వెళ్ళి కనుక్కుంటాను," అని అందర్నీ టాక్సీ ఎక్కించింది.

ఇక్కడ ఫిల్టర్ గదిలో ముద్ద దుప్పటంతయింది. చేసేది లేక కెమిస్టమ్మ తనే నడుచుకుంటూ వచ్చింది. "ల్యాబులో అన్నీ శుభ్రంగానే ఉన్నాయి సార్. మీరెలా చేస్తున్నారో ఒకసారి నా ఎదురుగా చేసి చూపించండి."

ఇంకోసారి ప్రదర్శన ఇచ్చేవాడి శ్రద్ధతో కుళాయి తిప్పి ట్యూబు కడిగాడు. వెలుతురుకెత్తి చూశాడు. కడుగునీళ్ళు పట్టబోయాడు.

"ఆగండి సార్. అవి ఏ నీళ్ళు?"

"ఏవి?"

"ట్యూబు కడిగినవి."

"కుళాయి నీళ్ళు."

కెమిస్టమ్మ అతను కడిగిన ట్యూబులో ల్యాబు నుంచి తెచ్చిన శుద్ధమైన నీళ్ళు పోసి చుక్క వేసింది. తెల్లబడింది. తన జేబులోంచి పొడి ట్యూబు తీసి, అందులో ఫిల్టర్ నుంచి దిగిన నీళ్ళు పట్టి చుక్క వేసింది. తేటగా, కన్నీటిబొట్టులా ఉంది.

"కుళాయిలో వచ్చేది బోరునీళ్ళు సార్. ఉప్పు దాంట్లోనే ఉంది. కేకు మూడోసారికే శుభ్రపడి ఉంటుంది. అప్పట్నుంచీ మీరు..." అని ఆమె ఆగిపోయింది. పెద్దమనిషిని బాధపెట్టడం ఇష్టం లేక మిగతా వాక్యం మింగేసింది.

మిగతా వాక్యం అక్కడున్న అందరికీ తెలుసు. పొద్దుట్నుంచీ అతను ఉప్పును తన చేత్తోనే ట్యూబులో వేసి, అది ఎక్కడినుంచి వస్తోందా అని ఫ్యాక్టరీ అంతా వెతికించాడు. ఇంకోసారి ముఖం పాలిపోయింది. ఇరవై ఏళ్ళుగా కడిగిన చేతులకేసి చూసుకున్నాడు. అప్పుడు అతని నోట్లోంచి పనికీ పరువుకూ సంబంధం లేని మాట ఊడిపడింది.

"సార్, మా మామగారి పెళ్ళి!"

మేనేజరు కంగారుపడ్డాడు. మనిషికి మతి తప్పిందనుకుని కుర్చీ తెప్పించాడు. కూర్చోబెట్టి అడిగితే మొత్తం బయటికొచ్చింది. మేనేజరు తల పట్టుకున్నాడు.

"ఏమయ్యా, పొద్దున్నే ఒక్క మాట చెబితే సెలవిచ్చేవాణ్ణి కదా! కరిగిన మందు ఎక్కడికీ పోలేదు, ఆ రెండు ట్యాంకుల్లోనే ఉంది. చల్లబరిస్తే చాలావరకు మళ్ళీ గింజకట్టి తిరిగొస్తుంది. నీ చాదస్తానికి ఏం చెయ్యాలో రేపు మాట్లాడుకుందాం. పోయిన పెళ్ళి తిరిగి రాదు. ముందు పరిగెత్తు!"

ఇంకోసారి పరిగెత్తాడు. మెయిన్ గేటుకు వెళ్ళాలంటే ఫ్యాక్టరీ అంతా దాటాలి. ఫిల్టర్ గదికి దగ్గర్లోనే వెనక గేటు ఉంది. అక్కడ మాసిన పనిబట్టలు తీసుకెళ్ళే లాండ్రీ వ్యాను అప్పుడే కదులుతోంది. వెనక తలుపు పట్టుకుని ఎగిరి మూటల మధ్య పడ్డాడు. వ్యాను రోడ్డెక్కాక జేబు తడుముకుంటే ఫోన్ లేదు, పర్సు లేదు. లాకరు తాళంచెవి మాత్రం ఉంది.

సరిగ్గా ఆ సమయానికే టాక్సీ మెయిన్ గేటు ముందు ఆగింది.

వ్యాను అతన్ని దింపేసరికి రిజిస్ట్రారు ఆఫీసులో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రిజిస్ట్రారు ఒక పెద్దావిడ. సంచి భుజాన వేసుకుని గదికి తాళం వెయ్యబోతోంది. ఎదురుగా రబ్బరు బూట్లు, తెల్లటి ఓవరాలు, జుట్టునిండా ఎవరివో దారప్పోగులతో ఒక మనిషి రొప్పుతూ నిలబడ్డాడు.

"నేను సాక్షినండీ."

"ఎవరి పెళ్ళికి?"

"మా మామగారి పెళ్ళికి."

ఆవిడ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "పెళ్ళికొడుకేడీ?"

"ఇక్కడ లేరా?"

"ఆయనేనా, ఊతకర్ర పెద్దాయన? వచ్చారు, ఎదురుచూశారు, వెళ్ళిపోయారు. వెంట ఒకమ్మాయి ఏడుస్తూ ఉంది."

ఇంకోసారి అక్కడే గోడకు జారగిలబడ్డాడు. అయితే ఇవాళ, కాకపోతే ఇక లేదు. మామగారు మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటారు. మళ్ళీ మాటలు మానేస్తారు. ఇదంతా ఒక గాజుగొట్టాన్ని ఇంకొకరు కడిగారంటే నమ్మనందుకు. తలుచుకుంటే అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా చేతుల మీద నమ్మకం పోయింది.

"అమ్మా, మీ ఫోను ఒకసారి ఇస్తారా?"

ఇచ్చింది. తీరా చూస్తే భార్య నంబరు అతనికి నోటికి రాదు. నోటికొచ్చిన నంబరు ప్రపంచంలో ఒక్కటే.

"గేటు," అంది అవతలి గొంతు.

"నేనయ్యా! మా వాళ్ళ దగ్గరనుంచి ఏమైనా ఫోనొచ్చిందా?"

"వచ్చారు."

"ఫోనా, మనుషులా?"

"మనుషులు."

"ఎక్కడున్నారు?"

"ఇక్కడే."

"ఒరే నాయనా, ఒక్క మాటా కొయ్యకుండా చెప్పు వాళ్ళకి..."

అతను పూర్తి చేసేలోగా అవతల ఫోను చేతులు మారింది. "ఎక్కడ చచ్చారండీ మీరు?" అంది భార్య. "మీ ఫోనుకి చేస్తుంటే ఇక్కడ లాకరులో మోగుతోంది!"

"రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నాను."

"అక్కడెందుకున్నారు?"

"పెళ్ళికి!"

"మరి రానన్నారట?"

"నేనెప్పుడన్నాను? రెక్కలు కట్టుకుని వస్తానన్నాను!"

ఆమె పక్కకు తిరిగి, పొదుపును ఏదో అడిగింది. పొదుపు ఏదో చెప్పాడు, కొంచెమే చెప్పి ఉంటాడు. ఆమె మళ్ళీ ఫోన్లోకొచ్చి, "అక్కడే ఉండండి. కదలకండి. కడగడానికి ఏం కనిపించినా ముట్టుకోకండి," అని పెట్టేసింది.

రిజిస్ట్రారు ఇదంతా వింటూనే ఉంది. "ఆఫీసు టైం అయిపోయిందండీ," అంది మొహమాటంగా. అతను బతిమాలలేదు. మొదట్నుంచీ జరిగింది జరిగినట్టు చెప్పాడు. చుక్క దగ్గర ఆవిడ చిరునవ్వు నవ్వింది, ట్యాంకుల దగ్గర పైకే నవ్వింది, మామగారి గది దగ్గరికొచ్చేసరికి సంచి భుజం మీదినుంచి దించింది.

"అత్తమామల్ని వదిలించుకోవడానికి ఏడ్చే అల్లుళ్ళని చూశాను. మామ పెళ్ళి కాలేదని ఏడ్చే అల్లుణ్ణి ఇదే చూడటం," అని తాళం తీసి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

టాక్సీ వచ్చింది. మామగారు, నర్సమ్మ, ఆవిడ చెల్లెలు, భార్య అందరూ లోపలికొచ్చారు. ఇంకోసారి మామగారి చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయాడు. "దారిలో అమ్మాయి అంతా చెప్పిందిలే. ముందు సంతకం కానీ," అన్నారాయన. వధూవరులు సంతకాలు చేశారు. నర్సమ్మ చెల్లెలు చేసింది. రిజిస్ట్రారు పుస్తకం అతని వైపు తిప్పి, "మీ గుర్తింపు కార్డు?" అంది.

ఇంకోసారి జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటికొచ్చేసరికి అందులో ఉన్నది లాకరు తాళంచెవి. అందరూ ఆ తాళంచెవి కేసే చూశారు.

"కార్డు లేకుండా నేనేం చెయ్యలేను," అంది రిజిస్ట్రారు. ఆవిడకూ బాధగానే ఉంది. "నా చేతిలో లేని పని."

మామగారు నెమ్మదిగా బెంచీ మీద కూర్చున్నారు. కోపం లేదు, ఏమీ లేదు. "పోనీలే అల్లుడూ. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు," అన్నారు. ఊతకర్ర వెతుక్కుంటూ నర్సమ్మతో, "పద, నిన్ను మీ ఇంటి దగ్గర దింపి వెళ్తాం," అన్నారు.

అప్పుడు సంచీ జిప్పు తీసిన చప్పుడు వినిపించింది. భార్య తన కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎక్కడ పెట్టాలండీ సంతకం?"

"నువ్వు పెట్టనన్నావు కదమ్మా," అన్నారు మామగారు. ఆయన గొంతు ఆయనకే వినపడనంత చిన్నగా ఉంది.

"అది పొద్దున నాన్నా," అంది ఆమె. కలం అందుకుని, నర్సమ్మ వైపు తిరిగి ఒక్క క్షణం చూసింది. "ఇందాక బెంచీ మీద మీరు నా తరఫున మాట్లాడారు. మా అమ్మ ఉన్నా అదే మాట అనేది." తర్వాత ఒంగి, పూర్తి పేరుతో, ఒక్క అక్షరం తేడా లేకుండా సంతకం పెట్టింది. మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంకోసారి పక్కనే నిలబడి ముక్కు చీదుతూ చూశాడు. పొద్దుట్నుంచీ తను చేసిన వెధవపనులన్నీ కలిసి ఇంత మంచిపని ఎలా చేశాయో అతనికి అంతు పట్టలేదు.

జ్ఞాపకానికి ఒక ఫోటో ఉండాలని రిజిస్ట్రారు పట్టుబట్టి, తన ఫోను అతని చేతిలో పెట్టి, తను కూడా వెళ్ళి చివర్న నిలబడింది. ఆ ఫోటో ఇప్పుడు మామగారి కొత్త ఇంట్లో ముందుగదిలో ఉంది. ఎడమవైపు మూల ఆ మసక మచ్చేమిటని వచ్చినవాళ్ళందరూ అడుగుతుంటారు. అది అల్లుడి బొటనవేలు.